మూడుసార్లు పడ్డ స్విచ్

పోయినవారం మనం కొత్తకోడలిని మెట్లకింద, కరెంటు బోర్డు ముందు, చేతిలో టార్చితో వదిలేసి వచ్చాం. పాపం, వారంరోజులుగా ఆ అమ్మాయి అక్కడే నిలబడి ఉంది. మధ్యాహ్నం మూడుంపావు. బయట ఎండ ఫెళ్ళున కాస్తున్నా మెట్లకింద మాత్రం చీకటే. వెనకగదిలో పొదిగే పెట్టె ఆగిపోయింది. పెట్టెలో తొమ్మిది గుడ్లున్నాయి. ఇవాళ ఇరవై ఒకటో రోజు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఆ గుడ్లు నాన్నమ్మవి. ఇంటిల్లిపాదికీ, కన్నకొడుక్కి సైతం, ఆవిడ నాన్నమ్మే. ఆవిడ చుక్కలకోళ్ళ సంతతి ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా సాగుతోంది. పోయిన నెల వీధికుక్క ఆఖరి పెట్టను నోట కరుచుకుపోయింది. మిగిలినవి ఈ తొమ్మిది గుడ్లు. ఇవి పిల్లలైతే చుక్కలకోడి ఉన్నట్టు, కాకపోతే ఇక లేనట్టు. అందుకే ఎనభై ఏళ్ళ మనిషి మూడువారాలుగా వెనకగదిలోనే మకాం పెట్టింది. గాలి తగలకూడదని తలుపు గడియ పెట్టుకుంటుంది. భోజనం అక్కడికే తెప్పించుకుంటుంది. కూర్చుని కూర్చుని ఆకలి పెరిగిందో ఏమో, పూటకి ఇద్దరి తిండి తింటోంది. గుడ్లని పెట్టె పొదుగుతోందా, మీరు పొదుగుతున్నారా అని కోడలు నవ్వితే, పొదిగేవాళ్ళకి ఆకలెక్కువే అని ఊరుకుంది.

ఇక ఆ బోర్డు సంగతి. ఎక్కడైనా తేడా వస్తే తమంతట తామే పడిపోయి కరెంటు ఆపే చిన్న స్విచ్‌లు ఏడు వరసగా ఉంటాయి, పక్కన పెద్ద మెయిన్ స్విచ్. ఏ ఇంట్లోనైనా వాటికింద ముందుగది, వంటిల్లు, నీళ్ళ మోటారు అని చీటీలు అంటించుకుంటారు. ఈ ఇంట్లో మనుషుల్ని అంటించుకున్నారు. నాన్నమ్మ భర్త, ఆ పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది, వాడుకునేవాడే జవాబుదారీగా ఉండాలని పట్టుబట్టి, ఒక్కో స్విచ్ కింద ఒక్కో మనిషిని రాశాడట. మూడోది పెద్దోడు. అంటే మన మామగారు. అరవై ఒకటి నిండినా బోర్డు మీద ఆయన ఇంకా పెద్దోడే. ఐదోది చిన్నోడు, అంటే ఆయన తమ్ముడు. ఎవరి స్విచ్ పడితే వాళ్ళే లేపుకోవాలి, ఒకరిది ఇంకొకరు ముట్టుకోకూడదు. ఇదీ ఆ ఇంటి చట్టం.

చిన్నోడు ఇల్లు వదిలి పదకొండేళ్ళయింది. ఎందుకు వెళ్ళాడో మామగారు ఎవరికీ చెప్పలేదు. ఎక్కడికి వెళ్ళాడని అడిగితే ఒకే మాట, నాకు తెలియదు. అప్పట్నుంచి ఆ ఐదో స్విచ్‌ని ముట్టుకున్నవాళ్ళు లేరు. ముట్టుకునే అవసరమూ రాలేదు, అది ఒక్కసారి కూడా పడలేదు. ఇవాళ పడింది.

కోడలు టార్చి వెలుగులో చూసింది. మిగతా ఆరు స్విచ్‌లూ పైకి ఉన్నాయి. ఐదోది పైకీ లేదు, కిందికీ లేదు, మధ్యలో ఆగింది. అది ఎందుకలా ఆగుతుందో ఆమెకి తెలుసు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు ఇలాంటి బోర్డులు బిగించే ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, కానీ మూడునెలల కోడలు చెయ్యి బోర్డు దాకా వెళ్ళే రోజు ఇంకా రాలేదు. అత్తగారు పంటినొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళారు, తోడుగా కొడుకు వెళ్ళాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురే.

ఇక్కడిదాకా పోయినవారం కథ. ఇప్పుడు మామగారు వస్తున్నారు, కాస్త పక్కకి జరగండి.

మామగారు గడియారాలు బాగుచేస్తారు. ముందుగదే దుకాణం. నుదుటిమీద భూతద్దం అలాగే ఉంచుకుని విసవిసా వచ్చారు. ముప్పై ఏళ్ళ నుంచి ఆగిపోయినవాటిని నడిపించడమే పని గనక, ఆగిపోయిన ఏ వస్తువైనా తన వేలికి లొంగాలని ఆయన నమ్మకం. కోడలిని చేత్తో పక్కకి జరిపి స్విచ్‌ని పైకి నెట్టారు. టక్‌మని పడింది. పళ్ళు బిగబట్టి మళ్ళీ నెట్టారు. ఈసారి ఇంకా గట్టిగా, టక్.

మూడోసారి ఆయన చెయ్యి లేచేసరికి కోడలు బోర్డుకి అడ్డంగా వచ్చి నిలబడింది. తనకే ఆశ్చర్యం వేసింది, కాళ్ళు అలా ఎలా నడిచాయని. మామగారి కనుబొమలు భూతద్దం దాకా లేచాయి. మూడునెలల్లో ఆ ఇంట్లో ఆయన చేతికి అడ్డం పడినవాళ్ళు లేరు, అంతకుముందు కూడా ఉన్నట్టు లేరు.

"ఇంక వద్దు మామయ్యా. అది పాడైపోయి పడట్లేదు. పడటమే దాని పని. దాని కింద ఎక్కడో ఏదో తేడా వచ్చింది, అదేంటో చూడకుండా లేపితే ప్రమాదం."

"నాకు నేర్పుతున్నావా?"

"నేర్పట్లేదు, అడుగుతున్నాను. పది నిమిషాలివ్వండి."

వెనకగదిలోంచి నాన్నమ్మ గొంతు వినిపించింది. పెట్టెలో వేడి కొలిచే మీటరు ముప్పై ఏడున్నర డిగ్రీల నుంచి ముప్పై ఆరుకి దిగిందట, వాదులాట తర్వాత పెట్టుకోండి, ముందు ఆ పిల్లని చెయ్యనివ్వు అంది. అమ్మ మాట గనక మామగారు ఒక అడుగు వెనక్కి వేశారు. ఒక్కటే.

కోడలి చేతులకి ఈ పని తెలుసు. రబ్బరు చెప్పులు వేసుకుంది. చేతులు తువ్వాలుతో పొడిగా తుడుచుకుంది. వెనకగదిలోకి వెళ్ళేసరికి నాన్నమ్మ దుప్పటి తెచ్చి పెట్టెమీద కప్పబోతుంటే, గాలిరంధ్రాలు మూయకండి, మూత మాత్రం ఎవరు చెప్పినా తియ్యకండి అని చెప్పింది. తర్వాత, వెనకాలే వచ్చిన మామగారిని అడిగింది.

"ఈ స్విచ్ కింద ఏమేం ఉన్నాయి మామయ్యా?"

"మా తమ్ముడు."

"మనిషి కాదు మామయ్యా. ఏ గది, ఏ ప్లగ్గులు అని."

ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. స్విచ్ ఎవరిదో అందరికీ తెలుసు, దేనిదో ఎవరికీ తెలియదు. మామగారు నుదుటిమీద భూతద్దం సవరించుకుని, వెనకగది వాడిదే కదా, అదే అయ్యుంటుంది అన్నారు. మేడమీద గది సంగతేంటని ఆమె అడిగితే, దానికి కరెంటే లేదు, వాడు వెళ్ళిన వారానికే తీగ తెంపించేశాను, గదికి తాళం వేసి పదకొండేళ్ళయింది అని కొట్టిపారేశారు. నాన్నమ్మ దుప్పటి అంచులు సర్దుతూ తల వంచుకుంది.

వెనకగదిలో ప్లగ్గు పెట్టి ఉన్నవి నాలుగు. పొదిగే పెట్టె, టేబులు ఫ్యాను, ఇస్త్రీపెట్టె, మూల దీపం. కోడలు నాలుగూ పీకేసింది, స్విచ్ ఆపి ఊరుకోలేదు. ప్లగ్గులు నేలమీద పడుకున్నాయని కళ్ళారా చూసుకుని బోర్డు దగ్గరికి వచ్చింది. చాలామంది మధ్యలో ఆగినదాన్ని అలాగే పైకి నెట్టేస్తారు, అలా అయితే నిలవదు అని మామగారికి వినపడేలా చెప్పి, ముందు కిందికి పూర్తిగా నొక్కింది. క్లిక్‌మంది. ముఖం పక్కకి తిప్పుకుని, ఒక్క చేత్తో పైకి లేపింది.

నిలబడింది. మామగారి ముఖం విప్పారబోయింది. ఊపిరి తీసుకునేంతలో, టక్.

గదిలో ఏమీ లేదు, అన్నీ పీకేసి ఉన్నాయి, అయినా పడింది. కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇంకేదో ఉంది మామయ్యా, మనకి కనపడనిది. దీన్ని ఇంక ముట్టుకోకూడదు. మూత విప్పి చూసేది నేనూ కాదు, మీరూ కాదు. ఎలక్ట్రీషియన్ రావాలి."

ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే, ఎక్కడో నిచ్చెనమీద ఉన్నానని, రావడానికి గంటన్నర పడుతుందని చెప్పాడు. అప్పటిదాకా ఆ స్విచ్ జోలికి వెళ్ళొద్దని అతనూ అదే మాట అన్నాడు. మీటరు ముప్పై ఐదున్నరకి దిగింది. నాన్నమ్మ పెట్టెకి చెవి ఆనించి, లోపల్నుంచి పిల్లలు పిలుస్తున్నాయే, బయటికొచ్చే వేళ గుడ్లు చల్లబడితే సగంలో ఆగిపోతాయే అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు కోడలికి దారి దొరికింది. గదికి కరెంటు రాకపోతే పెట్టెనే గది మార్చాలి. ముందుగది పెద్దోడి స్విచ్ కింద ఉంది, అది హాయిగా పైకే ఉంది. పెట్టె పెట్టడానికి అక్కడున్నది ఒకే ఒక బల్ల, మామగారి పనిబల్ల. దానిమీద పొట్టలు విప్పిన గడియారాలు పద్నాలుగు ఉన్నాయి, ఒక్కో మర ఒక్కో చిన్న మూతలో. ఆ బల్లని తుడవడానికి కూడా ఆయన ఎవరినీ రానివ్వరు. కోడలు అడగడానికి నోరు తెరిచేలోపే ఆయన వెళ్ళి రెండు చేతులతో గడియారాలతో సహా ఆ మూతలన్నిటినీ పక్క పళ్ళెంలోకి ఊడ్చేశారు. ఏ మర ఏ గడియారానిదో ఇక ఆయన తిప్పలు ఆయనవి.

పెట్టెని ఇద్దరూ చెరో పక్క పట్టుకున్నారు. ఒరగనివ్వకూడదు, కుదపకూడదు. నాన్నమ్మ వెనకాల దుప్పటి పట్టుకుని, గుమ్మం, గుమ్మం, కాలెత్తు అంటూ నడిపించింది. ఆ మామా కోడళ్ళు మూడునెలల్లో కలిసి చేసిన మొదటి పని అదే. ప్లగ్గు పెట్టగానే ఎర్రదీపం వెలిగి పెట్టె జుయ్‌మంది. ముప్పై ఐదు. ముప్పై ఐదున్నర. ముప్పై ఆరు. ముగ్గురూ ఆ అంకెల్నే చూస్తూ నిలబడ్డారు. ముప్పై ఏడు దాటుతుండగా ముందువరస గుడ్డుమీద సన్నగా చిట్లిన గీత కనిపించింది. గీత కదిలింది. లోపల్నుంచి ముక్కు ఒకటి, బియ్యపుగింజంత, ఒక్కసారి పొడిచి వెనక్కి పోయింది.

మామగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. కోడలు నవ్వుతూ నాన్నమ్మ వైపు చూసింది. నాన్నమ్మ గుడ్డుని చూడటం లేదు. తల పైకెత్తి ఇంటి కప్పు వైపు చూస్తోంది. వెనకగదిలోకి ఒకసారి వెళ్ళొస్తానంది. ఆవిడ నాలుగడుగులు వేసిందో లేదో మెట్లకింద మామగారు తనలో తనే ఏదో గొణుక్కోవడం వినిపించింది. ఇప్పుడే పక్కనున్న మనిషి అప్పుడే బోర్డు దగ్గరికి ఎలా వెళ్ళారో కోడలికి తెలియలేదు. పరుగెత్తింది.

ఆయన చేతిలో వెదురుపుల్ల ఉంది. పెట్టె అంకెలు చూస్తూనే గడియారాల కత్తితో చెక్కినది. ఎంత నున్నగా, ఎంత కొలతగా ఉందంటే, స్విచ్‌ని పైకి లేపి సందులో దోపితే మళ్ళీ కిందికి జారే ప్రసక్తే లేదు. మంచి పనివాడు చేసిన తప్పుడు పని అది.

"వెనకగదిలో ఇప్పుడు పెట్టె కూడా లేదు కదా. ఖాళీ తీగ. ఖాళీ తీగకి భయమెందుకు?" అన్నారాయన. గొంతులో కోపం లేదు, అదే విచిత్రం. "పదకొండేళ్ళు పడనిది ఇవాళ పడితే నేను చూస్తూ ఊరుకోలేనమ్మాయ్. ఇంట్లో వాడిదంటూ మిగిలింది ఇదొక్కటే."

ఈ మనిషి ఇన్నాళ్ళూ ఆ స్విచ్‌ని కోపంతో ముట్టుకోనివ్వలేదని అందరిలాగే కోడలూ అనుకుంది. కోపం కాదు, బెంగ. తెలిసినందుకు ఆయనమీద జాలేసింది, అయినా ఆ చెయ్యి వదల్లేదు. మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఖాళీ తీగైతే పడేదే కాదు మామయ్యా. ఆ చివర ఏదో తగులుకుని ఉంది. ఇది పడబట్టే ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ కాలేదు. ఇది పాతరకం, మీరు పుల్ల పెట్టి దాన్ని పడకుండా ఆపిన క్షణాన, ఆ చివర ఎవరైనా ముట్టుకుని ఉంటే ప్రాణం పోతుంది."

"ఆ చివర ఎవరుంటారు? గోడలూ, బల్లులూ." ఆయన చెయ్యి విడిపించుకుని పుల్ల పైకెత్తారు.

"వెయ్యకురా. పైన మనుషులున్నారు."

నాన్నమ్మ మెట్ల పక్కన గోడ పట్టుకుని నిలబడి ఉంది. పుల్ల కిందపడి ఎటో దొర్లిపోయింది. మామగారు "అమ్మా" అన్నారు. ఎన్నేళ్ళయిందో ఆయన ఆ పిలుపు పిలిచి. తర్వాత అన్న మాట కోడలి చెవిన పడి అక్కడే ఉండిపోయింది, కానీ అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు.

"వాడెలా ఉంటాడమ్మా ఇక్కడ?"

"వాడని నేనన్నానా? ముందు మెట్లెక్కు. ఆ తీగ తెంపమని నువ్వు చెప్పావు, వద్దని నేను చెప్పాను. ఆ ఎలక్ట్రీషియన్ నా మాట విన్నాడు."

వెనకగది తలుపు తీస్తే పెరడు, పెరట్లోంచి మేడమీదికి బయటిమెట్లు ఉన్నాయి. మామగారు రెండేసి మెట్లు ఎక్కారు, వెనకే కోడలు. పదకొండేళ్ళ తాళంకప్ప గొళ్ళేనికి ఊరికే వేలాడుతోంది, తలుపు లోపల్నుంచి గడియ పెట్టి ఉంది. ఎవరు లోపల అని ఆయన అరిచారు. రెండు చేతులతో బాదారు. లోపల ఏదో కదిలినట్టయి ఆగిపోయింది.

అప్పుడు కోడలు కిందికి చూసింది. తలుపు కింది సందులోంచి నీళ్ళు సన్నగా పారి వచ్చి నిలిచి ఉన్నాయి. మామగారు చెప్పుల్లేకుండా ఎక్కారు. ఆ నీళ్ళకీ ఆయన బొటనవేలికీ మధ్య జానెడు ఎడముంది. ఆమె ఆయన చొక్కా పట్టుకుని ఒక మెట్టు కిందికి లాగేసింది. కొత్తకోడలు మామగారి చొక్కా పట్టుకు లాగడం ఎంత పెద్ద సంగతో మరోసారి మాట్లాడుకుందాం, ఆ ఇంట్లో ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు.

"నీళ్ళల్లో కాలు పెట్టకండి," అని ఆయనకి చెప్పి, కిందికి వంగి గట్టిగా పిలిచింది. "నాన్నమ్మా, మెయిన్ స్విచ్ దించెయ్యండి. చిన్నోడి స్విచ్ పడే ఉంది గానీ, ఆ బోర్డు చెప్పేది ఇంక నేను నమ్మను. ఇల్లంతా తీసెయ్యాలి."

అనేశాక గానీ గుర్తురాలేదు. ఇల్లంతా అంటే ముందుగది కూడా. పెద్దోడి స్విచ్, పనిబల్ల, ఇప్పుడిప్పుడే వేడెక్కిన పెట్టె, ముక్కు పొడుచుకొస్తున్న గుడ్డు. నలభై ఏళ్ళ చుక్కలకోడి. నాన్నమ్మా, గుడ్లు, అంటూ ఏదో చెప్పబోయింది.

చెప్పే అవసరం లేకపోయింది. కింద ధడ్‌మని మెయిన్ స్విచ్ పడిన చప్పుడు మేడదాకా వినిపించింది. ఫ్యాన్లు ఆగాయి, వంటింట్లో ఫ్రిజ్ ఆగింది, ముందుగది కిటికీలోంచి వస్తున్న జుయ్ మోత ఆగింది. నాన్నమ్మ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు.

మరుక్షణం ఆవిడ మెట్లమీద ప్రత్యక్షమైంది. మోకాళ్ళనొప్పులని గత ఏడాదిగా రెండు గుమ్మాలు దాటని మనిషి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఉడతలా ఎక్కేసింది. ఇరవై ఒక్కరోజులుగా రోజుకి మూడుపూటలా అభ్యాసం ఉందని ఇప్పుడు అందరికీ అర్థమైంది. ఇద్దరి తిండి ఎటు పోయిందో కూడా. ఇద్దరినీ తప్పించుకుని, తడి తగలకుండా చెయ్యి చాచి, తలుపుమీద మూడుసార్లు తట్టింది. నెమ్మదిగా, ఒక్కోటీ విడిగా.

గడియ తీశారు.

పదేళ్ళ పిల్ల. భుజాల మీద తువ్వాలు, జుట్టునిండా షాంపూ నురగ, మండి ఎర్రబడ్డ కళ్ళు. ముక్కు మాత్రం అచ్చంగా మామగారిదే, మధ్యలో చిన్న వంకరతో సహా. చెప్పకపోయినా ఎవరి కూతురో తెలిసిపోయింది. నాన్నమ్మ ఆ పిల్లని ఎత్తుకున్నంత పనిచేసి, గడపమీది తడి తగలకుండా ఇవతలికి లాక్కుంది. పిల్ల తల్లి పనిమీద వేరే ఊరు వెళ్తూ నెలరోజులకని తనకి అప్పగించిందని, నిన్నడిగితే వద్దంటావని భయపడి దాచానని, కొడుకు ముఖం చూడకుండా గబగబా చెప్పేసింది. మామగారు గోడకి ఆనుకుని వింటున్నారు.

కోడలు పిల్ల ముందు గొంతుకూర్చుని అడిగింది. "నీళ్ళల్లో చెయ్యి పెట్టావా?"

"లేదు. తలంటుకుందామని బకెట్లో నీళ్ళు కాచే కరెంటు రాడ్డు పెట్టాను. ఠప్‌మని కరెంటు పోయింది. తర్వాత నీళ్ళల్లో చిటపటమని మెరిసింది, మూడుసార్లు. మొదటిసారి భయమేసి గెంతితే నీళ్ళ చెంబు దొర్లిపోయింది." పిల్ల ఊపిరి తీసుకుంది. "మూడోసారి తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. ఇంక రాదనుకుని రాడ్డు తీసేద్దామని చెయ్యి పెట్టబోతున్నాను. అప్పుడే ఎవరో తలుపు బాదారు."

మామగారు తన కుడిచేతిని చూసుకున్నారు. మొదటి రెండుసార్లూ ఆ చెయ్యే. నాలుగోసారికి పుల్ల సిద్ధంగా పట్టుకున్నదీ ఆ చెయ్యే. ఆయన మెట్టుమీద కూలబడిపోయారు.

మూడోది తనదని కోడలికి తెలుసు. అన్నీ పీకేశాననే నమ్మకంతో, అన్ని జాగ్రత్తలూ తీసుకుని, పద్ధతిగా వేసింది. చేతులు తుడుచుకుంది గానీ మేడమీదికి ఒక్కసారి వెళ్ళి చూడలేదు, కరెంటు లేదంటే నమ్మేసింది. ఏడుపొచ్చింది, కానీ కింద గుడ్లున్నాయి, ఏడవడానికి టైము లేదు.

తడి లేని పక్కనుంచి గదిలోకి అడుగుపెట్టి, పొడి తువ్వాలుతో పట్టుకుని రాడ్డు ప్లగ్గు పీకేసింది. బకెట్లోంచి రాడ్డు తీసి వెలుగులో చూస్తే గొట్టం అడుగున గోరంత మేర చిట్లి నల్లబడి ఉంది. ఆ గదిలో ఇంకేదీ ప్లగ్గు పెట్టి లేదని, ఈసారి గోడ గోడా తడిమినంత పనిచేసి చూసుకుంది. అప్పుడు కిందికి పరుగు. ఐదో స్విచ్‌ని కిందికి పూర్తిగా దించేసింది, ఎలక్ట్రీషియన్ వచ్చి తీగలన్నీ చూసేదాకా దాన్నిక లేపేది లేదు. మెయిన్ పైకి వేసింది. ఇల్లు మళ్ళీ ఊపిరి పోసుకుంది. ముందుగదిలోంచి జుయ్‌మని మోత రాగానే ఆమె అటు పరుగెత్తింది.

పెట్టె ఆగింది తొమ్మిది నిమిషాలు. దుప్పటి పుణ్యమా అని మీటరు ముప్పై ఆరు దగ్గర నిలబడి ఉంది. గుడ్డు మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. నాన్నమ్మ వేలు పట్టుకుని ఆ పిల్ల, తల్లోంచి నురగ కారుతుండగా, మొట్టమొదటిసారి ఆ ఇంటి ముందుగదిలోకి అడుగుపెట్టేసరికి, పెట్టె అద్దం వెనక తడిసి ముద్దయిన కోడిపిల్ల ఒకటి రెండు కాళ్ళమీద నిలబడటానికి తంటాలు పడుతోంది. పక్కన ఇంకో రెండు గుడ్లు చిట్లాయి.

"పైనుంచి రోజూ లెక్కపెట్టాను," అంది పిల్ల అద్దానికి ముక్కు ఆనించి. "ఇవాళే వస్తాయని నాకు ముందే తెలుసు."

కోడలు పెద్దగా నవ్వేసింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఎవరికీ తెలియకుండా మామగారు కూడా తుడుచుకున్నారు. ఆయన వచ్చి పిల్లకి అడుగుదూరంలో నిలబడ్డారు. తువ్వాలు అంచుతో ఆ పిల్ల చెవి వెనక నురగ తుడిచారు, చాలా జాగ్రత్తగా, గడియారం మర పట్టుకున్నట్టు. పిల్ల తల తిప్పి ఆ ముక్కుని చూసింది. తనదే అని పోల్చుకుంది కాబోలు, భయపడలేదు.

"మీరేగా పెదనాన్న?"

ఆయన తలూపారు.

"మరి చెప్పండి. మా నాన్న ఎక్కడున్నాడో మీకొక్కరికే తెలుసంట. పిల్లలు బయటికొచ్చిన రోజున కిందికి తీసుకెళ్తాను, ఆయన్నే అడుగు అని నాన్నమ్మ చెప్పింది. అందుకే అన్ని రోజులూ లెక్కపెట్టాను."

కోడలికి మెట్లకింద విన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. వాడెలా ఉంటాడమ్మా ఇక్కడ. ఎక్కడున్నాడో తెలియని మనిషి అనే మాట కాదది. ఆమె మామగారి వైపు చూసింది. నాన్నమ్మ కూడా చూస్తోంది, పదకొండేళ్ళ ఓపికంతా ఆ చూపులో ఉంది. ఆ ఇంట్లో అందరూ ఎరిగిన జవాబు ఒక్కటే కదా, నాకు తెలియదు. ముగ్గురూ దానికోసమే ఎదురుచూశారు.

మామగారు ఆ మాట అనలేదు. మొలతాడుకి కట్టుకున్న చిన్న తాళంచెవి తీసి, పనిబల్ల కింద, ఇన్నేళ్ళుగా పాడైన గడియారాలున్నాయని చెబుతూ వచ్చిన సొరుగు ముందు మోకాళ్ళమీద కూర్చున్నారు.